అమ్మానాన్నా లేని ఇంట్లో తమ్ముడికి అక్క గార్డియన్ కావాలంటే

అమ్మా నాన్నా ఇద్దరూ పోయి, ఇంట్లో 22 ఏళ్ల అక్క, 14 ఏళ్ల తమ్ముడు మిగిలితే చుట్టాలంతా అనే మాట ఒకటే: "ఇక వాడికి అమ్మైనా నాన్నైనా నువ్వేనమ్మా." గడప లోపల అది నిజం. గడప దాటి బ్యాంకుకో, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకో వెళ్తే మాత్రం ఆ మాట చెల్లదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం లెక్కలో పెళ్లికాని పిల్లలకు సహజ సంరక్షకులు తండ్రి, ఆ తర్వాత తల్లి. జాబితా అక్కడితో ఆగిపోతుంది. అక్క, అన్న, తాతయ్య, మేనమామ ఎంత ప్రేమగా పెంచినా అందులో లేరు. తల్లిదండ్రులు వీలునామాలో పేరు రాసి ఉండకపోతే, వాళ్లెవరైనా చట్టం దృష్టిలో గార్డియన్ కావాలంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు నియమించాలి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో కూడా కోర్టు నియామకానికి ఇదే చట్టం. ముస్లింలలో పిల్లల ఆస్తికి సంరక్షకుడు తండ్రి, తర్వాత ఆయన వీలునామాలో పెట్టిన మనిషి, తర్వాత తండ్రి తండ్రి, కాబట్టి ఆ తాతయ్య ఉన్నారా అన్నది ముందే చూసుకోవాలి.

అసలు విషయం ఇక్కడే చెప్పేస్తాను. కోర్టు మీరు అడిగిందే ఇస్తుంది, అడగనిది ఇవ్వదు. బిడ్డ బాగోగులకు గార్డియన్ కావడం వేరు, బిడ్డ ఆస్తికి గార్డియన్ కావడం వేరు. ఉత్తర్వు వచ్చిందని సంతోషంగా బ్యాంకుకు వెళ్తే, మేనేజరు పేజీలు తిప్పి నేరుగా చివరి పేరా చదువుతారు. అక్కడ "మైనరు శరీర సంరక్షణకు" అని మాత్రమే ఉంటే డబ్బు కదలదు. నెలల తరబడి తిరిగి తెచ్చుకున్న కాగితం పక్కన పెట్టి మళ్లీ పిటిషన్ వేయాల్సి వస్తుంది. అందుకే ఈ రాతంతా ఆ చివరి పేరా చుట్టూనే తిరుగుతుంది.

లెక్కకి ఒక ఇల్లు అనుకుందాం. విజయవాడ సింగ్‌నగర్‌లో నాన్న పేరున రెండు గదుల ఇల్లు. నాన్న ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేశారు, పీఎఫ్ ఉంది. అబ్బాయి నామినీగా ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్, ఒక బీమా పాలసీ ఉన్నాయి. నానమ్మ తెనాలిలో బాబాయ్ దగ్గర ఉంటుంది. మేనమామ గుంటూరులో ఉంటాడు. అక్క చిన్న ఉద్యోగం చేస్తోంది.

ఉత్తర్వు అక్కర్లేని పనులు

కోర్టుకు పరుగెత్తేముందు ఏ పనికి ఆ కాగితం కావాలో చూసుకోవాలి. బడిలో చేర్పించడానికి, టీసీ తీసుకోవడానికి మామూలుగా అక్క సంతకం సరిపోతుంది. ఆధార్‌లో 15 ఏళ్లకు చేయించాల్సిన వేలిముద్రల అప్‌డేట్‌కీ ఉత్తర్వు అడగరు. తల్లిదండ్రులు ప్రమాదంలో పోయి నష్టపరిహారం కేసు వేయాల్సి ఉంటే, తమ్ముడి తరఫున అక్క 'నెక్స్ట్ ఫ్రెండ్'గా వేయొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు దానికి దారి ఇస్తుంది. మతిస్థిమితం ఉన్న మేజరై ఉండాలి, ఆ కేసులో బిడ్డ ప్రయోజనానికి అడ్డుగా తన ప్రయోజనం ఉండకూడదు, అంతే. పరిహారం వస్తే బిడ్డ వాటాను మేజరయ్యేదాకా డిపాజిట్‌లో పెట్టమని ట్రిబ్యునలే చెబుతుంది.

10 ఏళ్లు దాటిన పిల్లలు తామే సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. ఎంతవరకు నడపనివ్వాలో ఆ బ్యాంకు పెట్టుకున్న హద్దును బట్టి ఉంటుంది. తమ్ముడి పేరున ఖాతా లేకపోతే ముందు అది తెరిపించండి. తర్వాత వచ్చే ప్రతి రూపాయికీ అదే గూడు.

పీఎఫ్ సంగతి చాలామందికి సగమే తెలుసు. ఫారం 20 పీఎఫ్ నిల్వ కోసం, ఫారం 5 ఐఎఫ్ పీఎఫ్‌తో ముడిపడిన బీమా కోసం, ఫారం 10డి పెన్షన్ కోసం. బీమా గరిష్ఠంగా 7 లక్షల రూపాయల దాకా వస్తుంది. పెన్షన్ విషయంలో, అమ్మ కూడా లేకపోతే పిల్లలకు అనాథ పెన్షన్ ఉంటుంది: వితంతు పెన్షన్‌లో 75 శాతం, కనీసం నెలకు 750 రూపాయలు, ఒకేసారి ఇద్దరు పిల్లల దాకా, 25 ఏళ్లు వచ్చేవరకు. మళ్లీ చదవండి. 25 ఏళ్లు. అంటే ఈ ఇంట్లో తమ్ముడికే కాదు, 22 ఏళ్ల అక్కకూ మూడేళ్లపాటు హక్కుంది. తనది కూడా అడగాలని తట్టక చాలామంది అక్కలు ఒక్క తమ్ముడి పేరే రాసి ఇస్తారు. పీఎఫ్ డబ్బు నేరుగా మైనరు ఖాతాలోనే వేసే పక్షంలో గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ కోసం పట్టుబట్టొద్దని పీఎఫ్ నడిపే సంస్థ ఈపీఎఫ్ఓ 2025 ఆగస్టులో తన ఆఫీసులకు చెప్పింది. కౌంటరు దగ్గర కోర్టు కాగితం తెమ్మంటే ఈ సంగతి మర్యాదగా గుర్తు చేయండి.

బీమా పాలసీలో మైనరు నామినీ ఉంటే పక్కనే 'అపాయింటీ' (మైనరు తరఫున సొమ్ము అందుకునే మనిషి) అన్న గడి ఉంటుంది. అందులో మేనమామ పేరుంటే ఆయన సంతకంతో పని అయిపోతుంది. ఎక్కువ ఇళ్లలో అక్కడ అమ్మ పేరే ఉంటుంది. అమ్మా లేకపోతే అప్పుడు కోర్టు కాగితం అడుగుతారు.

ఇంకొకటి, దీని కోసం ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెలో 72,000, పట్టణంలో 96,000 రూపాయలు మించకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. ఆ ఆఫీసు ఎక్కడుందో తెలియకపోతే 1098కి ఫోన్ చేస్తే చెబుతారు.

ఇవన్నీ తీసేశాక మిగిలేవి: నాన్న పేరున ఉన్న ఇంటిలో తమ్ముడి వాటా, డిపాజిట్ సొమ్ము, బీమా, పాస్‌పోర్టు. కోర్టు వీటి కోసం.

ఏ కోర్టు మెట్లెక్కాలి

బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తాడో ఆ ప్రాంతపు కోర్టు. 1890 చట్టం సెక్షన్ 9లో ఉన్న మాట అది (ఇకపై సెక్షన్లన్నీ ఆ చట్టానివే). మన దగ్గర దీనికో చిక్కుంది. వేరే కుటుంబాన్ని అనుకోండి: ఇల్లు గుంటూరులో, అబ్బాయి విజయవాడ కాలేజీ హాస్టల్లో. చదువు కోసం హాస్టల్లో ఉన్నంత మాత్రాన అది నివాసం అయిపోదు. సెలవులకు ఏ ఇంటికి వస్తాడో, రేషన్ కార్డు ఏ చిరునామాలో ఉందో చూస్తారు. ఇంటిని బట్టి వేయడమే క్షేమం. ఆస్తి కోసమైతే ఆస్తి ఉన్న చోట కూడా వేయొచ్చు.

బాగోగుల గార్డియన్‌షిప్ 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం వల్ల ఫ్యామిలీ కోర్టు చేతికి వెళ్లింది. విజయవాడలోనూ గుంటూరులోనూ ఫ్యామిలీ కోర్టులున్నాయి. ఆస్తి గార్డియన్‌షిప్ మాత్రం జిల్లా కోర్టు పని. కృష్ణా ప్రిన్సిపల్ జిల్లా కోర్టు మచిలీపట్నంలో ఉంది, విజయవాడలో అదనపు జిల్లా కోర్టులున్నాయి. 2022లో ఎన్టీఆర్ జిల్లా వచ్చిందని కోర్టుల సరిహద్దులూ అలాగే మారాయనుకుని కాగితం తయారు చేయకండి. బాగోగులు, ఆస్తి రెండూ కలిపి ఒకే పిటిషన్‌గా వేస్తే, ఇది మా పరిధి కాదని ఆఫీసు తిప్పి పంపే ప్రమాదం ఉంది. మొదటి రోజే వకీలుతో తేల్చుకోవలసిన ప్రశ్న ఇది: "నాకు రెండూ కావాలి. ఏది ఎక్కడ వేస్తున్నారు?"

వకీలుకు పెట్టుకోలేకపోతే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. ఇక్కడ అడిగేది అక్క, అడిగేది బిడ్డ కోసం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఇంటిపేరు తెచ్చే తంటా

కాగితాలు ఎక్కువేం కావు. ఇద్దరి మరణ ధ్రువీకరణ పత్రాలు, తమ్ముడి జనన ధ్రువీకరణ పత్రం, ఇద్దరి ఆధార్లు, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అక్క జీతం కాగితాలు లేదా ఆదాయ ధ్రువీకరణ, ఇంటి దస్తావేజు నకలు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), డిపాజిట్ రసీదు, పాలసీ బాండు, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు పెట్టాలి.

కేసు నడిచేటప్పుడు ఇబ్బంది పెట్టేది మాత్రం పేర్లు. మరణ పత్రంలో "వెంకటేశ్వరరావు", దస్తావేజులో ఇంటిపేరు పొట్టి అక్షరంగా పెట్టి "వెంకటేశ్వర్లు", ఆధార్‌లో ఇంటిపేరు చివర, పీఎఫ్ రికార్డులో అసలు ఇంటిపేరే లేదు. నలుగురు మనుషుల్లా కనిపించే ఈ నాలుగు పేర్లూ ఒక్క నాన్నవే. అమ్మ విషయంలో ఇంకా కష్టం: కొన్ని కాగితాల్లో పుట్టింటి పేరు, కొన్నింటిలో మెట్టినింటి పేరు. పిటిషన్ వేయకముందే అన్ని కాగితాలూ నేల మీద వరుసగా పరిచి, ఒక తెల్లకాగితం మీద ప్రతి దాంట్లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం రాసుకోండి. మరణ పత్రంలో తప్పుంటే కార్పొరేషన్‌లో ముందు అది దిద్దించండి, ఎందుకంటే మిగతావన్నీ దాన్ని చూసే నడుస్తాయి. దిద్దడం కుదరని పాత దస్తావేజు ఉంటే, పిటిషన్‌లోనే "ఫలానా పేరుతో కూడా పిలవబడే" అని రెండు పేర్లూ రాయించాలి. ఉత్తర్వులోకి ఆ రెండు పేర్లూ దిగితేనే రేపు బ్యాంకులో ప్రశ్న రాదు. తమ్ముడి పుట్టిన తేదీ బడిలో ఒకటి, జనన పత్రంలో ఒకటి ఉంటే దాన్నీ ఇప్పుడే తేల్చాలి. గార్డియన్‌షిప్ ఏ రోజుతో ముగుస్తుందో ఆ తేదీయే చెబుతుంది.

పిటిషన్, దాని చివరి పేరా

మన కోర్టుల్లో దీన్ని జీడబ్ల్యూఓపీ (గార్డియన్స్ అండ్ వార్డ్స్ ఒరిజినల్ పిటిషన్) అంటారు. ఏమేం రాయాలో సెక్షన్ 10 వరుసగా చెబుతుంది: బిడ్డ పేరు, ఆడో మగో, మతం, పుట్టిన తేదీ, నివాసం, ఆస్తి ఏమిటి, ఎక్కడుంది, సుమారు విలువ ఎంత, బిడ్డ ఇప్పుడు ఎవరి దగ్గరున్నాడు, దగ్గరి బంధువులెవరు, ఎక్కడుంటారు, ఇంతకుముందు ఎవరైనా గార్డియన్‌గా పెట్టబడ్డారా, ఇదే విషయమై ఏ కోర్టులోనైనా దరఖాస్తు పడిందా, పడితే ఏమైంది, అడుగుతున్నది బాగోగులకా, ఆస్తికా, రెండింటికా, అక్క అర్హతలేమిటి, ఇప్పుడు ఎందుకు అడగాల్సి వచ్చింది. గార్డియన్‌గా ఉండటానికి సమ్మతమేనని అక్క సంతకం చేసిన కాగితం జత చేయాలి, దాని మీద కనీసం ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. ఈ సమ్మతి కాగితం లేకనే చాలా పిటిషన్లు నంబరు పడకుండా తిరిగొస్తాయి.

బంధువుల జాబితా దగ్గర మొహమాటం వద్దు. బాబాయ్‌తో మాటల్లేవని ఆయన పేరు వదిలేస్తే, కేసు చివర్లో ఆయన వచ్చి "నాకు చెప్పకుండా చేశారు" అనొచ్చు. ఉత్తర్వు వచ్చాక కూడా అనొచ్చు. నానమ్మ, అమ్మమ్మ, తాతయ్యలు, పెదనాన్న, బాబాయ్, మేనత్త, మేనమామ అందరి పేర్లూ సరైన చిరునామాలతో రాయండి. ఎదురు చెప్పని వాళ్లు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇస్తే కేసు సగం బరువు తగ్గుతుంది. ముఖ్యంగా నానమ్మది, మేనమామది. ఒకరు నాన్న వైపు, ఒకరు అమ్మ వైపు: రెండు కుటుంబాలకూ సమ్మతమేనని కోర్టుకు కనిపిస్తుంది.

ఇక చివరి పేరా. "గార్డియన్‌గా నియమించవలసిందిగా ప్రార్థన" అన్న ఒక్క వాక్యంతో వదిలేయనివ్వకండి. ఆస్తి పిటిషన్‌లో ఆస్తికి గార్డియన్‌గా అన్న మాట ఉండాలి. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి, డిపాజిట్ నంబరు, పాలసీ నంబరు, ఇంటి డోర్ నంబరు, సర్వే నంబరు కింద షెడ్యూలులో రావాలి. ఆ డిపాజిట్ సొమ్ము తీసుకుని మైనరు పేరున మళ్లీ వేయడానికి, దాని వడ్డీని చదువుకు వాడటానికి అనుమతి కావాలని విడిగా అడగాలి. పాస్‌పోర్టు అవసరమైతే, బాగోగుల పిటిషన్‌లో దాని దరఖాస్తు మీద సంతకం చేసే అధికారం కూడా అడగాలి. పిటిషన్ మామూలుగా ఇంగ్లీషులో టైపు చేస్తారు. సంతకం పెట్టేముందు ప్రతి పేరా అర్థం తెలుగులో చెప్పమని అడగండి, షెడ్యూలులోని ప్రతి అంకె అసలు కాగితంతో మీరే సరిచూసుకోండి. డిపాజిట్ నంబరులో ఒక్క అంకె తారుమారైతే, దాన్ని దిద్దించడానికి మళ్లీ ఒక ఐఏ (కేసులో విడిగా వేసే దరఖాస్తు), మళ్లీ కొన్ని వాయిదాలు.

వాయిదాలు

నంబరు పడ్డాక నోటీసులు వెళ్తాయి. బత్తా, అంటే నోటీసు పంపడానికి కోర్టులో కట్టే రుసుం, కట్టకపోతే నోటీసు కదలదు. ఎదురుచెప్పేవాడు లేని కేసులు కూడా ఆగిపోవడానికి ఇదే పెద్ద కారణం. వకీలు గుమస్తా కట్టాడనుకుంటాం, ఆయన మనం డబ్బు ఇవ్వలేదనుకుంటాడు, రెండు మూడు వాయిదాలు పోయాక పిటిషన్ కొట్టేస్తారు. ఈ-కోర్టుల యాప్‌లో మీ కేసుకు ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే ప్రతి వాయిదాకు ఏం జరిగిందో కనిపిస్తుంది. ఆ నంబరు మొదటి రోజే అడిగి రాసుకోండి. నోటీసు కవరు తలుపు తాళం వేసి ఉందనో, చిరునామా చాలదనో తిరిగొస్తే మళ్లీ పంపాలి. అందుకే తెనాలి బాబాయ్‌కి ముందే ఫోన్ చేసి, కవరు వస్తుంది, తీసుకోండి అని చెప్పడం మంచిది. కోర్టు ఆదేశిస్తే పేపరు ప్రకటన కూడా వేయాలి. దాని ఖర్చు తరచూ కోర్టు ఫీజుకన్నా ఎక్కువ ఉంటుంది, ముందే లెక్కలో పెట్టుకోండి.

తర్వాత అక్క చీఫ్ అఫిడవిట్ (తన సాక్ష్యాన్ని ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం), కాగితాలకు ఏ-1, ఏ-2 అని గుర్తులు వేయడం, ఒకరిద్దరు సాక్షులు. అసలు కాగితాలు తీసుకెళ్లకపోతే గుర్తులు వేయరు, ఆ వాయిదా పోయినట్టే. మధ్యలో ఫీజు గడువో, ఆపరేషనో వస్తే కేసు తేలేదాకా కూర్చోనక్కర్లేదు. సెక్షన్ 12 కింద తాత్కాలిక ఉత్తర్వు అడగొచ్చు.

జడ్జి చూసేది సెక్షన్ 17లో ఉన్నవి: బిడ్డ మేలు, బిడ్డ వయసు, గార్డియన్ నడవడి, సామర్థ్యం, బంధుత్వం, పోయిన తల్లిదండ్రుల కోరిక. బిడ్డ తెలివిగా చెప్పగల వయసువాడైతే వాడి ఇష్టం కూడా. 14 ఏళ్ల వాణ్ని జడ్జి ఛాంబర్‌లో కూర్చోబెట్టుకుని మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో పిల్లాడికి బట్టీ పట్టించొద్దు. పొద్దున ఎవరు లేపుతారు, బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, ఇలాంటివే అడుగుతారు. వాడు తన మాటల్లో చెబితేనే అది నిలుస్తుంది.

అక్కను అడిగే ప్రశ్నలు కూడా ముందే ఊహించుకోవచ్చు. జీతమెంత, అద్దె ఎంత, తమ్ముడి ఫీజు ఎలా కడతావు, రేపు నీకు పెళ్లయితే వీడెక్కడ ఉంటాడు? ఈ చివరి ప్రశ్నకు చాలామంది అమ్మాయిలు తడబడతారు, కొందరికి కళ్లనీళ్లు తిరుగుతాయి. పెళ్లి గార్డియన్‌షిప్‌కు అడ్డు అని చట్టంలో ఎక్కడా లేదు. పెళ్లయినా తమ్ముడు నా దగ్గరే ఉంటాడు, లేదా వాడి ఇంటర్ అయ్యేదాకా మేనమామ ఇంట్లో ఉంటాడు, ఖర్చు నాది అని నిజంగా అనుకున్నదే చెప్పాలి. వయసు గురించి భయం వద్దు; 18 నిండితే చాలు, 21 అక్కర్లేదు. అయినా 19 ఏళ్ల అక్కకు ఇల్లూ డబ్బూ అంతా అప్పగించడానికి కోర్టు వెనకాడే అవకాశం ఉందనిపిస్తే సెక్షన్ 15 గుర్తుంచుకోండి. బాగోగులకు ఒకరిని, ఆస్తికి మరొకరిని వేర్వేరుగా నియమించొచ్చు. తమ్ముడు అక్క దగ్గర, ఆస్తి లెక్కలు మేనమామ చేతిలో. పంతానికి పోయి రెండూ పోగొట్టుకోవడంకన్నా నా దృష్టిలో ఇది చాలా మంచి దారి. వాడు అక్క దగ్గరే ఉండటం కదా ముఖ్యం.

తల్లిదండ్రుల్లో ఒకరు బతికుండి వదిలేసి వెళ్లిన ఇళ్లలో దారి కఠినం. తండ్రి గానీ తల్లి గానీ బతికుండి, గార్డియన్‌గా ఉండటానికి తగనివారని కోర్టు అనుకోనంతవరకు మరొకరిని బాగోగులకు నియమించడానికి సెక్షన్ 19 ఒప్పుకోదు. ఎన్నేళ్లుగా రాలేదు, డబ్బు పంపలేదు అన్నది బడి రికార్డులతో, ఇరుగుపొరుగు సాక్ష్యంతో చూపించాలి. చివరిగా తెలిసిన చిరునామాకు నోటీసు పంపి, అది తిరిగొస్తే పేపరులో వేయించాలి. అడ్రసు తెలియదని ఊరుకుంటే కుదరదు.

నానమ్మ వాటా

ఇల్లు నాన్న స్వార్జితమైతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసుల్లో నానమ్మ కూడా ఉంటుంది. ఇది వినగానే చాలామంది అక్కలు నివ్వెరపోతారు. ఎవరు ముందు పోయారన్నదాన్ని బట్టి వాటా మారుతుంది. అమ్మ ముందు, నాన్న తర్వాత పోతే అక్క, తమ్ముడు, నానమ్మ ముగ్గురికీ తలా మూడో వంతు. నాన్న ముందు పోతే నలుగురికీ పావు వంతు, తర్వాత అమ్మ పోగానే ఆమె పావు పిల్లలిద్దరికీ చెరిసగం: అప్పుడు ఎనిమిదింట అక్కకు మూడు, తమ్ముడికి మూడు, నానమ్మకు రెండు. ఒకే ప్రమాదంలో ఇద్దరూ పోయి ఎవరు ముందో తేలకపోతే, వయసులో చిన్నవాళ్లే తర్వాత పోయినట్టు చట్టం అనుకుంటుంది. షెడ్యూలులో తమ్ముడి వాటా రాసేటప్పుడు ఈ లెక్క తప్పితే ఉత్తర్వూ తప్పవుతుంది. డిపాజిట్‌కూ ఇదే న్యాయం: నామినీ సొమ్ము అందుకునేవాడే, మొత్తానికి యజమాని కాడు. పిత్రార్జితపు ఉమ్మడి ఆస్తి అయితే దారి వేరు. ఇంట్లో మేజరైన సభ్యుడు దాన్ని చూసుకుంటుంటే, అందులో మైనరు విడగొట్టని వాటాకు గార్డియన్‌ను నియమించరు.

గార్డియన్ అయినంత మాత్రాన తమ్ముడి వాటా అమ్మే హక్కు రాదు. అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, 5 ఏళ్లకు మించి లీజుకివ్వాలన్నా సెక్షన్ 29 కింద ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి. ఎందుకు అమ్ముతున్నారు, ఎంతకు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మార్కెట్ విలువ ఎంత, తమ్ముడి సొమ్ము ఎక్కడ వేస్తారు అన్నవి చూపించాలి. అనుమతి లేకుండా అమ్మితే తమ్ముడు మేజరయ్యాక 3 ఏళ్ల లోపు ఆ అమ్మకాన్ని కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. తెలిసిన కొనుగోలుదారు అందుకే ముందుకు రాడు, వచ్చినా ధర తగ్గిస్తాడు. అసలు ఉత్తర్వే లేని అక్క తమ్ముడి వాటా మీద సంతకం పెడితే ఆ సంతకానికి విలువే లేదు. ఇల్లు ఎలా నడపాలో పాలుపోకపోతే సెక్షన్ 33 కింద కోర్టునే సలహా అడగొచ్చు. దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ.

ఉత్తర్వు వచ్చాక ధ్రువీకరించిన నకళ్లు నాలుగైదు తీసుకోండి, బ్యాంకు ఒకటి ఉంచేసుకుంటుంది. ఆస్తికి గార్డియన్ అయితే కోర్టు బాండు అడగొచ్చు, 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఆ తర్వాత లెక్కలు అడగొచ్చు. తమ్ముడి డబ్బుకు విడిగా ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ఎంత, దేనికి, రసీదు అతికించి. ఇంటి ఖర్చును అందులో కలపొద్దు. ఇంకో మాట: బాగోగుల గార్డియన్ కోర్టు అనుమతి లేకుండా బిడ్డను ఆ కోర్టు పరిధి దాటించి తీసుకెళ్లి కాపురం పెట్టకూడదు. హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని తమ్ముణ్ని తీసుకుని వెళ్లిపోవడమే కాదు, ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లిలో ఇల్లు అద్దెకు తీసుకున్నా అది గుంటూరు జిల్లాయే. చిన్న పిటిషన్‌తో అయ్యే పని, చెప్పకుండా చేస్తే పెద్దదవుతుంది.

అమ్మో నాన్నో మంచం మీద ఉండి, ఇంకా మాట ఉన్న ఇళ్లకు ఒక్క మనవి. సంరక్షకులుగా ఉన్న ఆ ఒక్కరు వీలునామాలో "నా తర్వాత నా కొడుకు బాగోగులకు, ఆస్తికి నా పెద్దకూతురు గార్డియన్" అని రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టి, వీలైతే రిజిస్టరు చేయిస్తే, 1956 చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. అడగడానికి నోరు రాదు, నిజమే. అయినా ఆ నాలుగు వాక్యాలు తర్వాత వచ్చే నెలల తిరుగుడును తప్పించగలవు.

తమ్ముడికి 18 నిండిన రోజున గార్డియన్‌షిప్ దానంతటదే ముగుస్తుంది. ఒకప్పుడు కోర్టు గార్డియన్ ఉన్నవాళ్లకు 21 అనేవారు, 1999 సవరణతో అదీ 18 అయింది. మేధోపరమైన వైకల్యం (బుద్ధిమాంద్యం) ఉన్న తమ్ముడైతే 18 తర్వాత 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు నడిపే స్థానిక కమిటీకి వెళ్లి వేరే నియామకం తీసుకోవాలి, పుట్టినరోజుకు ముందే కాగితాలు సిద్ధం చేసుకోండి. మిగతావాళ్లు లెక్కలు, ఆస్తి కాగితాలు తమ్ముడికి అప్పగించి, రసీదు రాయించుకుని, బాధ్యత తీరిందని కోర్టులో డిశ్చార్జి తీసుకోవాలి. బ్యాంకు ఖాతాకు ఆ రోజు నుంచి అక్క సంతకం చెల్లదు. వాడి పాన్ కార్డు, ఆధార్, రెండు ఫొటోలు పట్టుకుని ఇద్దరూ కలిసి వెళ్లండి, కొత్త సంతకం వాడు పెట్టాలి.